పిల్లి మెడలో పథ్యం

పిల్లికి ఫుడ్ ఎలర్జీ అని అనుమానం వచ్చాక ఇంట్లో తిండి మార్చడం పెద్ద కష్టమేం కాదు. డబ్బు ఖర్చవుతుంది, అంతే. అసలు తంటా గడప దాటాకే. కింది ఫ్లాటు మామ్మగారు గిన్నెలో పాలు పోస్తారు. వాచ్‌మన్ భార్య చేపలు తోముతూ ఓ తలకాయ ఇటు విసురుతుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్లలు బిస్కెట్ ముక్క పెడతారు. ఎవరిదీ చెడు ఉద్దేశం కాదు, నోరు లేని జీవమని జాలి. ఆ నోరు లేకపోవడమే ఇక్కడ చిక్కు కాబట్టి, చెప్పాల్సింది మెడలో కట్టి పంపాలి.

కట్టేవాళ్లు చాలామంది ట్యాగ్ మీద ‘ఫుడ్ ఎలర్జీ’ అని ఇంగ్లిష్‌లో చెక్కించి ఊరుకుంటారు. అది చదివేది ఎవరో ఆలోచించరు. ఎలర్జీ అంటే మన దగ్గర తుమ్ములు, దద్దుర్లు. ‘ముట్టుకుంటే మనకూ అంటుతుందేమో’ అని పిల్లిని చీపురు పెట్టి తరిమేవాళ్లూ ఉంటారు. ‘చికెన్ పడదు’ అని రాస్తే ఇంకో రకం ఇబ్బంది: చికెన్ పడదన్నారుగా అని చేప పెడతారు. పిల్లుల ఫుడ్ ఎలర్జీ మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2016లో వేసిన ఒక లెక్కలో 78 పిల్లులున్నాయి. వాటిలో బీఫ్ పడనివి 18 శాతం, చేప పడనివి 17 శాతం, చికెన్ పడనివి 5 శాతం. మనవాళ్లు పిల్లికి ప్రేమగా పెట్టే చేప ఆ జాబితాలో రెండో స్థానంలో ఉంది.

దీనికి సరిపోయే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది: పథ్యం. ‘పథ్యంలో ఉంది’ అంటే మామ్మగారికి వివరించక్కర్లేదు. మందు వాడుతున్నారని, నోటికి కట్టుబాటు ఉందని, కొంచెమే కదా అని పెట్టినా చెడుతుందని ఆ ఒక్క ముక్కలోనే ఉంది. కాబట్టి ట్యాగ్ ముందువైపు రెండే వరుసలు: ‘పథ్యంలో ఉంది’, దాని కింద ‘తిండి పెట్టొద్దు’. ఏది పడదో ఆ జాబితా అక్కర్లేదు. జబ్బు పేరు అసలే వద్దు.

వెనకవైపు ఫోన్ నంబరు, దాని కింద ‘నీళ్లు పెట్టొచ్చు’. ఈ వెనకవైపు అలంకారానికి కాదు. పిల్లి తప్పిపోయి నాలుగు వీధుల అవతల ఎవరింట్లోనో దొరికిందనుకోండి. వాళ్లు బుద్ధిమంతులైతే ట్యాగ్ చదివి రెండు రోజులు పస్తు పెడతారు. పడని తిండి తింటే పిల్లికి దురద, పుండ్లు, వాంతులు, విరేచనాలు వస్తాయి గానీ ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. పస్తు అలా కాదు. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోతుంది. హెపాటిక్ లిపిడోసిస్ అంటారు, వైద్యం అందకపోతే చనిపోతుంది. అందుకని ఫోన్ నంబరు ట్యాగ్ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి. వీలైతే వెనకవైపు రెండో నంబరు కూడా. ఫోన్ వచ్చినప్పుడు మీరు చెప్పాల్సింది ఒక్కటే: నేనొచ్చేది ఆలస్యమైతే ఉన్నదేదో పెట్టేయండి, దురద సంగతి నేను చూసుకుంటాను.

ఇక చెక్కించడం. 25 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల పిల్లికి సరిపోతుంది, అంతకన్నా పెద్దది మెడ కింద ఊగి విసిగిస్తుంది. మిల్లీమీటరు మందం అల్యూమినియం బిళ్ల ఒకటింపావు గ్రాము పైచిలుకు తూగుతుంది, అదే సైజు స్టీలు బిళ్ల నాలుగు గ్రాములకు దగ్గర. అల్యూమినియమే తీసుకోండి. నికెల్ పూత వేసిన చవక బిళ్లలు వద్దు. పూత లేచిపోతే అడుగు లోహం చర్మానికి తగులుతుంది, అసలే మంటగా ఉన్న మెడకు అదొకటి తోడు. అల్యూమినియం మీద చెక్కు లోతుగా పడాలి. పైపైన రంగు గీకిన అక్షరాలు కొన్ని నెలలకే అరిగిపోతాయి.

తెలుగు చెక్కించేటప్పుడు ఒత్తులు దెబ్బతింటాయి. ‘పెట్టొద్దు’లో టకు టవత్తు, దకు దవత్తు ఉన్నాయి. మీరు వాట్సాప్‌లో పంపిన అక్షరాలను షాపువాళ్లు పాత సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే ఒత్తు కిందకు దిగకుండా పక్కకు జరిగి ‘పెట్‌టొద్‌దు’ అని విడివిడిగా వస్తుంది. మాట రాసి పంపకండి, బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి. లేదా వాళ్లనే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసి చూపించమనండి, పెళ్లి కార్డులు కొట్టే డీటీపీ షాపులకు అది అలవాటైన పనే. ఒత్తుతో కలిపి ఒక్కో వరుసకు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తు కావాలి. అంతకన్నా కుదిస్తే ఒత్తులు పూడిపోయి మచ్చల్లా కనిపిస్తాయి. లేజర్ వేసే ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింటు తీయించి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చదవండి. మీకు ఆనకపోతే మామ్మగారికి అసలే ఆనదు.

క్యూఆర్ కోడ్ ట్యాగుల గురించి అడుగుతారు. ఊగుతున్న పిల్లి మెడ కింద ఫోన్ పెట్టి స్కాన్ చేసే ఓపిక చేప తలకాయ చేతిలో పట్టుకున్న మనిషికి ఉండదు. తప్పిపోయినప్పుడు పనికొస్తే రావచ్చు, అంతవరకే. మైక్రోచిప్ సంగతి వేరు, అది వేయించాలి. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద వేస్తారు, స్కానర్ పెడితే 15 అంకెల నంబరు చూపిస్తుంది. కాలర్ ఊడిపోయినా పిల్లి ఎవరిదో తేలుతుంది, ఆ నంబరు మీద మీ ఫోన్ రిజిస్టర్ చేయించి ఉంటే. పథ్యం సంగతి మాత్రం చిప్ ఎవరికీ చెప్పదు.

బిళ్ల ఎంత బాగున్నా దాన్ని మోసే కాలర్ తప్పైతే పిల్లికే ప్రమాదం. కుక్క బెల్టులా పిన్ను బకిల్ ఉన్నది, చిన్న ఎలాస్టిక్ ముక్క కుట్టినది రెండూ వద్దు. ఎలాస్టిక్ సాగుతుంది, సాగిన సందులో కింది దవడో ముందు కాలో ఇరుక్కుంటుంది. చంకలో కాలర్ కోసుకుపోయిన పుండు మానడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి ఆపరేషన్ తప్పదు. కొనాల్సింది బ్రేక్‌అవే కాలర్. గట్టిగా లాగితే బకిల్ దానంతటదే విడిపోతుంది. అమెరికాలో 538 పిల్లులకు కాలర్లు కట్టి ఆరు నెలలు చూసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. దాదాపు 73 శాతం పిల్లులు ఆరు నెలలూ ఇబ్బంది లేకుండా వేసుకున్నాయి. 18 పిల్లులకు మాత్రం కాలర్ నోట్లోనో, కాలికో, ఏదో ఒక వస్తువుకో చిక్కుకుంది. తక్కువే, కానీ మీ పిల్లి ఆ పద్దెనిమిదిలో ఉండకూడదంటే బకిల్ నిజంగా విడిపోతుందో లేదో చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో ‘బ్రేక్‌అవే’ అని అమ్మేవన్నీ విడిపోవు. పరీక్ష సులువు. కాలర్‌ను పిల్లికి పెట్టే కొలతకే బిగించి, బకిల్ పెట్టి, తలుపు గొళ్లేనికి తగిలించండి. బకిల్ పక్కకు ఉండాలి, గొళ్లెం మీద ఆనకూడదు. కింది భాగంలోంచి చేతిసంచి పిడి దూర్చి అందులో లీటరు నీళ్ల సీసా పెట్టండి, తర్వాత ఇంకోటి. నాలుగు కిలోల పిల్లికైతే రెండో సీసా పెట్టేసరికి, అంటే దాని బరువులో సగానికి, విడిపోవాలి. చేతులతో అటూ ఇటూ లాగి ‘ఆ, ఊడుతోంది’ అనుకుంటే మోసపోతారు. చేత్తో నేరుగా లాగినప్పుడు బలమంతా బకిల్ మీదే పడుతుంది. పిల్లి కొమ్మకో గ్రిల్‌కో వేలాడినప్పుడు కాలర్ రెండు వైపులా బరువు పంచుకుంటుంది, బకిల్‌కు చేరేది సగమే. మొదటి సీసాకే ఊడితే వారానికో కాలర్ పోతుందేమో గానీ పిల్లికి నష్టం లేదు. రెండు సీసాలకూ ఊడకపోతే ఆ కాలర్ చెత్తబుట్టలోకే. నెలకోసారి ఈ పరీక్ష మళ్లీ చేయండి, బకిల్ సందులో వెంట్రుకలు, దుమ్ము చేరి బిగుసుకుపోతుంది.

ఒకేలాంటివి మూడు కాలర్లు, మూడు బిళ్లలు కొని పెట్టుకోండి. ఊడిన రోజే ఇంకోటి వేయాలి. వారం పాటు మెడ బోసిగా తిరిగితే ‘పథ్యం అయిపోయినట్టుంది’ అని పాల గిన్నె మళ్లీ బయటికొస్తుంది.

కాలర్ వెడల్పు సెంటీమీటరు చాలు. నూలు లేదా మెత్తటి నైలాన్. తోలు వద్దు, తడిస్తే ఆరదు. ఎదిగిన పిల్లి మెడ చాలావరకు 20 నుంచి 25 సెంటీమీటర్లు ఉంటుంది, దర్జీ టేపుతో కొలవండి. కట్టాక కాలర్ కింద ఒక వేలు సులువుగా, రెండోది కాస్త ఒత్తితే దూరాలి. జాలిపడి వదులుగా కడతారు కొందరు. కాలు దూరేది అందులోనే. రంగు ముదురు ఎరుపో నారింజో ఉంటే దూరం నుంచే ఆనుతుంది. ఈ రంగు పిల్లికి ఏమీ పెట్టకూడదని నాలుగు రోజుల్లో పిల్లలు నేర్చేసుకుంటారు, బిళ్ల చదివే పని కూడా ఉండదు. గంట అక్కర్లేదు.

ఎప్పుడు కట్టాలన్నది ఎలా కట్టాలన్నంత ముఖ్యం. పిల్లుల్లో ఫుడ్ ఎలర్జీ దురద ఎక్కువగా తల, మెడ మీదే కనిపిస్తుంది, అంటే సరిగ్గా కాలర్ ఉండే చోట. మెడ మీద తడి పుండు ఉంటే మానేదాకా కాలర్ వద్దు, ఆ రోజులు పిల్లిని ఇంట్లోనే ఉంచండి. పుండు లేకపోతే ఎలిమినేషన్ డైట్ (పాత తిండి పూర్తిగా ఆపి, కొత్త తిండి ఒక్కటే పెట్టి చూసే పథ్యం) మొదలుపెట్టడానికి రెండు వారాల ముందే కాలర్ అలవాటు చేయండి. రెండూ ఒకే రోజు మొదలుపెడితే, మెడ గోక్కుంటున్నప్పుడు అది తిండి వల్లో కాలర్ వల్లో మీకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు. ఆదివారం ఆదివారం కాలర్ తీసి వెంట్రుకలు పాయలు తీసి చూడండి. కాలర్ ఒరిసిన చోట సన్నటి పట్టీలా, మెడ చుట్టూ సమానంగా వెంట్రుకలు పోతాయి. ఎలర్జీది అలా గీత గీసినట్టు ఉండదు. చెవుల ముందు, బుగ్గల మీద, మెడ పక్కన అక్కడొకటి ఇక్కడొకటి గోటి గీతలు, వేలితో తడిమితే ఆవగింజల్లా తగిలే పొక్కులు ఉంటాయి. ఫ్లీ అనే రక్తం పీల్చే చిన్న పురుగుల వల్ల కూడా ఇలాంటి పొక్కులే వస్తాయి కాబట్టి వాటి మందు ఆపకూడదు. ఆ మందు రుచి కలిపిన మాత్ర రూపంలో కాకుండా మెడ వెనక చర్మం మీద వేసేదై ఉండాలి. మాత్రలోని రుచి కూడా మాంసం నుంచి తీసింది కావచ్చు. కాలర్ అలవాటు చేసేటప్పుడు లంచంగా ట్రీట్లు పెట్టకండి, దాని పథ్యం పొడి తిండి గింజలే నాలుగు వేయండి.

బిళ్ల కూడా తిండిలో మునుగుతుందని ఎవరికీ తట్టదు. ఇంట్లో రెండో పిల్లి ఉండి, ఇది పోయి దాని లోతైన గిన్నెలో తల పెడితే బిళ్ల తడిసి, తర్వాత ఒళ్లు నాక్కునేటప్పుడు ఆ చేప గుజ్జు నోట్లోకి పోతుంది. వెడల్పాటి పళ్లెంలో పెట్టండి, వేర్వేరు గదుల్లో పెట్టి పావుగంటలో తీసేయండి, బిళ్లను రోజూ తడిగుడ్డతో తుడవండి.

ఇంత చేసినా పిల్లి లావవుతూనే ఉంటే, లేదా ఇంట్లో సగమే తింటుంటే, ఎవరో పెడుతున్నారని అర్థం. కనుక్కోవడానికి కాగితం కాలర్ ఉంది. ఇంగ్లండ్‌లో క్యాట్స్ ప్రొటెక్షన్ సంస్థ వీధిలో తిరిగే పిల్లికి యజమాని ఉన్నారా లేదా తెలుసుకోవడానికి వాడే పద్ధతి ఇది. మామూలు నోటుపుస్తకం కాగితంలోంచి రెండు సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు పట్టీ కత్తిరించండి. బాల్‌పెన్నుతో రాయండి: ‘నేను రోజూ మీ ఇంటికొస్తున్నానా? ఏం పెడుతున్నారు? ఈ నంబరుకు చెప్పండి.’ మెడ చుట్టూ తిప్పి, ఎక్కువైనంత కత్తిరించి, చివర్లు సెంటీమీటరు మేర ఒకదాని మీద ఒకటి పెట్టి చిన్న టేపు ముక్క అంటించండి. పట్టీ పొడవునా టేపు చుట్టొద్దు, చిరగాల్సిన కాగితం అప్పుడు చిరగదు. ‘ఎందుకు పెడుతున్నారు’ అని మాత్రం రాయకండి. నిలదీసినట్టుంటే ఫోన్ రాదు.

కాలర్ మనుషుల్నే ఆపుతుంది. బల్లి, పావురం, చెత్తకుండీ ట్యాగ్ చదవవు. అందుకే ఎలిమినేషన్ డైట్ నడిచే కనీసం ఎనిమిది వారాలూ పిల్లి గడప దాటకపోతేనే మేలు. ఫుడ్ ఎలర్జీ ఉన్న పిల్లుల్లో నూటికి 90కి పైగా ఆ ఎనిమిది వారాల్లోనే నెమ్మదిస్తాయి. అయినా కాలర్ ఉంచండి, తలుపు తీసిన క్షణంలో జారుకునే జాతి అది. తర్వాత పాత తిండి మళ్లీ పెట్టి దురద తిరగబెడుతుందేమో చూసే రెండు వారాలు ఇంకా కీలకం, అప్పుడు బయటి ముక్క ఒక్కటి పడినా ఏ తిండి వల్ల వచ్చిందో తేలదు.

పడనిదేదో తేలాక కూడా బిళ్ల మార్చకండి. పెట్టే చేతిని ఎల్లకాలం ఆపడం అయ్యే పని కాదు కాబట్టి, రోజూ తూచి పెట్టే పథ్యం గింజల్లోంచే ఇరవై తీసి చిన్న డబ్బాలో పోసి మామ్మగారికి ఇవ్వండి. రోజుకు ఇరవై, అదీ సాయంత్రం ఒక్కసారే అని చెప్పండి. ఆవిడ లెక్క తప్పరు.