సున్న పలుకు

ఈ రోజు రెండో తరగతిలో తెలుగు గంటంతా సున్న చుట్టూనే తిరిగింది. గుణింతాలన్నీ తడబాటు లేకుండా అప్పజెప్పే ఒక పాప, వాచకంలో 'పంట' అన్న మాట దగ్గర ఆగి, 'పమ్', 'ట' అని విడివిడిగా పలికి, ఆ రెండూ కలిస్తే ఏ మాట అవుతుందో తేలక నా ముఖంలోకి చూసింది. వాళ్ళది వరి పండించే ఇల్లు, ఆ మాట ఆమె రోజూ వినేదే. వర్ణమాలలో 'అం' అన్న అక్షరాన్ని మనం 'అమ్' అనే నేర్పుతాము కాబట్టి, సున్న కనబడిన ప్రతిచోటా పెదవులు మూయాలని ఆమె అనుకోవడంలో వింత లేదు.

పుస్తకాలు మూయించి, 'పంపు, పంది, పంట, మంచి, పంకా' అన్న మాటలను ముందు నోటితోనే అనిపించాను. 'పంపు'లో పెదవులు కలుస్తాయని, 'పంది'లో నాలుక పళ్ళను తాకుతుందని, 'పంట'లో అదే నాలుక పైకి మడతపడి అంగిలిని అంటుతుందని పిల్లలు అని చూసుకుని, ఒకరి నోరు ఒకరు పరీక్షించి మరీ చెప్పారు. 'పంకా' దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆ పలుకు నోటి వెనుక భాగంలో పుడుతుంది కనుక అద్దం ఇచ్చినా కనబడదు. తరువాతి హల్లు ఎక్కడ పుడితే సున్న కూడా అక్కడే పలుకుతుంది. ఙ, ఞ, ణ, న, మ అనే ఐదింటి పనినీ ఆ ఒక్క గుర్తే చేస్తుంది. ఈ సూత్రం పిల్లలకు చెప్పనక్కరలేదు, బడికి రాకముందే అది వాళ్ళ నాలుకకు వచ్చు. వచ్చిన ఆ పలుకును అక్షరానికి ముడివేయడమే మన పని.

'కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అన్న వల్లింపును నేను మానిపించను, గుర్తుల పేర్లు దానితోనే నిలుస్తాయి. అయితే 'క గుడి కి, ట గుడి టి' అనుకుంటూ చదివే బిడ్డ 'కిటికీ' పూర్తయ్యేసరికి మాట మొదలు మరచిపోతుంది. చదివించేటప్పుడు గుర్తు పేరు వినబడకూడదు, ధ్వనే వినబడాలి. ఈ విషయంలో నాకు పట్టుదల ఉంది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, దాని వెంట 2022లో మన తెలంగాణ బడుల్లో తొలిమెట్టు కార్యక్రమం మొదలయ్యాయి. ఆ లక్ష్యం తీరేది ఇటువంటి చిన్న ముడులు విప్పినప్పుడే.

గంట ముగిసేలోగా ఆ పాప 'గంట, వంట, మంట' గడగడా చదివింది. 'సింహం' దగ్గర మళ్ళీ ఆగింది. అక్కడ సున్న నిజంగానే 'మ్'లాగా పలుకుతుంది. రేపు దానిని, 'పొలం, బలం' వంటి మాటల చివరి సున్నను కలిపి తీసుకోవాలి. వచ్చే వారం వత్తులు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక లేదు కాబట్టి వాటికి ఎక్కువ రోజులు కేటాయిస్తాను.