కుళాయి వచ్చే పూట

రాయలసీమలో చిన్న మండల కేంద్రాలు చాలావరకు పల్లెలే. 1985లో మండలాలు వచ్చాక ఆఫీసులు వచ్చాయి, జనం పెరిగారు. నీళ్లు మాత్రం అంతే. అందుకే ఇక్కడ కాపురమంటే ముందు మోటారు సంగతి నేర్చుకోవాలి.

రెండు రోజులకోసారి గంటసేపు కుళాయి వస్తుంది. ఆ గంటలోనే సంపు నిండాలి, పైన 1000 లీటర్ల ట్యాంకూ నిండాలి. అందరూ ఒకేసారి మోటార్లు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. మోటారు తిరక్కుండా మూలిగితే వెంటనే ఆపేయండి, లేకపోతే లోపలి రాగితీగ చుట్ట, అదే వైండింగు, కాలిపోతుంది. వోల్టేజీ బాగున్నా మూలుగుతుంటే, మోటారు తిరగడం మొదలెట్టేందుకు ఊతమిచ్చే కెపాసిటరు చూడండి.

తిరుగుతోంది గానీ నీళ్లెక్కట్లేదా? ఎక్కువసార్లు తప్పు ఫుట్‌వాల్వుదే, అంటే సంపులో పైపు చివర నీళ్లు వెనక్కి జారకుండా ఆపే మూతది. రబ్బరు కింద ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు, తెల్లారేసరికి పైపులో నీళ్లన్నీ సంపులోకి జారిపోతాయి. పంపు మీది బిరడా విప్పి, చెంబుతో పొంగేదాకా నీళ్లు పోసి, బిగించి వేయాలి. రోజూ ఇదే పనైతే వాల్వు పైకి తీసి కడగాల్సిందే. దాన్ని సంపు అడుగుకి జానెడు పైన ఉంచితే బురద లాగదు.

మోటారు రిపేరుకెళ్తే రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో పక్కింటివాళ్లు అడక్కుండానే గోడ మీంచి పైపు అందిస్తారు. ఈ ఊళ్లల్లో నాకు అన్నిటికంటే విలువైంది అదే. వాళ్లకి అవసరం పడే రోజుకి మన దగ్గరా 30 మీటర్ల పైపు, రెండు క్లిప్పులు సిద్ధంగా ఉండాలి.