మసి నుంచి కుందేలు చెవి దాకా

పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రవాళ్లకు పెద్దయ్యాక వృషణాల తిత్తిపై వచ్చే క్యాన్సర్‌కు చర్మపు ముడతల్లో పేరుకున్న మసే కారణమని లండన్ శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ 1775లో రాశాడు. అది పరిశీలన మాత్రమే. ప్రయోగంతో రుజువు కావడానికి 140 ఏళ్లు పట్టింది. టోక్యోలో యమగివా, ఇచికావా అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల చెవులకు రెండు మూడు రోజులకోసారి, మసిలాగే బొగ్గు నుంచి వచ్చే తారు పూస్తూ, అంతకుముందు ఇతరులు వదిలేసిన చోట ఆగకుండా నెలల తరబడి కొనసాగించి, 1915లో క్యాన్సర్‌ను పుట్టించి చూపారు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కదిలించేది ఆ ఓపికే.

మనుషులకు తారు పూసి చూడలేం కనుక, 1950లో బ్రిటన్ పరిశోధకులు డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల పొగతాగే అలవాటును ఇతర రోగుల అలవాటుతో పోల్చారు. శ్రీకాకుళం జిల్లాలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్లకు అంగిలిపై వచ్చే క్యాన్సర్‌ను 1960లలో పరిశోధకులు ఇంటింటికీ తిరిగి, నోళ్లు తెరిపించి చూసి నమోదు చేశారు.