పాడేరు కొండెక్కే ముందు ఆటోనగర్‌లో ఒక పూట

వానలు తగ్గి వలిసె పూలు విచ్చే వేళకు పాడేరు వెళ్లాలని మా బావకి ఎప్పటి నుంచో సరదా. ఈసారి దానికి తోడు బండి కూడా కుదిరింది. సైన్యం వాడి వేలం వేసిన జిప్సీని ఎవరో కొని, కొన్నాళ్లు నడిపి, బావకి అమ్మారు. నా ఆఫీసు స్నేహితుడు తన కొత్త ఫోర్ వీల్ డ్రైవ్ బండి తెస్తానన్నాడు. దాంట్లో ఫోర్ వీల్ వెయ్యడానికి విడిగా ఇంకో రాడ్ ఉండదు, స్విచ్ తిప్పితే చాలు. బావ మాత్రం దాన్ని ఫోర్ వీల్ బండిగా లెక్కెయ్యడు.

చిక్కేమిటంటే జిప్సీ కాస్త స్పీడందుకోగానే కాళ్ల కింద నుంచి సన్నగా కూత పెట్టేది. కొండల్లోకి ఆ కూతతో వెళ్లడం ఎందుకని, బయల్దేరే ముందు గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డుకి రెండు బండ్లూ తీసుకెళ్లాం. షెడ్డు బాబాయ్ కింద దూరి చూసి, “ట్రాన్స్‌ఫర్ కేసులో నూనె ఎప్పుడు మార్చారు బాబూ?” అన్నాడు. బావ నా వైపు చూశాడు. అమ్మినాయన చెబితే కదా మాకు తెలిసేది.

జిప్సీలో గేర్ బాక్స్ వేరు, ట్రాన్స్‌ఫర్ కేస్ వేరు. రెంటికీ మధ్య పొట్టి షాఫ్ట్ ఉంటుంది. గేర్ బాక్స్ నుంచి వచ్చిన తిప్పుడుని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది ఈ రెండో డబ్బానే. దాని నూనె దానిదే. గేర్ బాక్స్ ఆయిల్ మార్చినంత మాత్రాన దీంట్లోకి చుక్క కూడా రాదు. పట్టేది రెండు లీటర్లలోపే అయినా, సర్వీసింగ్‌లో ఎక్కువమంది మర్చిపోయేది దీన్నే.

బాబాయ్ పనితనం మీద నాకు గురి కుదిరింది ఒక్క విషయంలో. పానా అందుకుని కింది నట్టు జోలికి పోకుండా, ముందు నూనె పోసే పై నట్టు వదులు చేశాడు. కింది నట్టు విప్పి ఉన్న నూనె కార్చేశాక పై నట్టు జామైపోయిందని తేలితే, బండి అక్కడే కూర్చోవాలి. ఆ తర్వాత కింది నట్టు విప్పాడు. ధారగా రావాల్సిన నూనె కాస్తంత కారి ఆగిపోయింది, నల్లగా, మాడు వాసనతో. నట్టు చివర అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది. బాబాయ్ దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, “మెత్తగానే ఉంది. రవ్వలు తగిలితే అప్పుడు టెన్షన్ పడాలి” అన్నాడు. పళ్లు అరిగిన పొడి అంతో ఇంతో ఎప్పుడూ ఉంటుంది. మెరిసే పెచ్చులు కనిపిస్తేనే డబ్బా విప్పాలి.

ఇక ఏ నూనె పొయ్యాలన్న పంచాయితీ. పక్క షెడ్డాయన వచ్చి, “140 నంబరు నూనె పొయ్యండి గురూ, మోత దెబ్బకి ఆగిపోద్ది” అన్నాడు. ఆగుతుంది, నిజమే. చిక్కటి నూనె పళ్ల చప్పుడుని మింగేస్తుంది. కానీ సన్నటి బేరింగుల్లోకి అది త్వరగా చేరదు, తిరిగేటప్పుడు బరువు పెంచుతుంది, వేడి పెంచుతుంది. చప్పుడు ఆగిందంటే అరుగుదల ఆగిందని కాదు. ఇలా 140 పోసి మోత మాన్పించి బండ్లు అమ్మేసేవాళ్లు ఉన్నారని బాబాయే నవ్వుతూ చెప్పాడు. జిప్సీకి 90 సరిపోతుంది. అన్నట్టు గేర్ ఆయిల్ డబ్బా మీద 90 చూసి అమ్మో అనుకోనక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ కొలమానం వేరు, దీనిది వేరు. ఆ లెక్కలో 40, 50 నంబరు ఇంజిన్ ఆయిల్‌కీ దీనికీ చిక్కదనం ఇంచుమించు ఒకటే.

75డబ్ల్యూ-90 మంచిదా, 80డబ్ల్యూ-90 మంచిదా అని స్నేహితుడు ఫోన్లో వీడియోలు చూపించాడు. డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75 రకాన్ని మైనస్ 40 డిగ్రీలకీ, 80 రకాన్ని మైనస్ 26 డిగ్రీలకీ పరీక్షించి ఆ అంకె ఇస్తారు. మన లంబసింగిలో ఎంత గజగజలాడినా సున్నా దగ్గరే. విశాఖలోనైతే చెమటే. మనవాళ్లు ఆ అంకె మీద అంత చర్చ పెట్టడం దండగ అనిపిస్తుంది నాకు.

తేల్చుకోవలసింది జీఎల్-4, జీఎల్-5 సంగతి. పళ్ల మీద పడే ఒత్తిడిని బట్టి గేర్ ఆయిల్‌కి పెట్టిన తరగతులివి. ఆటోనగర్‌లో ఏ కొట్టుకెళ్లి గేర్ ఆయిల్ అడిగినా ముందు చేతికొచ్చేది జీఎల్-5, ఎందుకంటే లారీల క్రౌన్లకి, అంటే ఇరుసు మధ్యలో తిప్పుడుని చక్రాలకి మళ్లించే పళ్లకి, అదే పోస్తారు. క్రౌన్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి, ఆ ఒత్తిడికి నూనె పొర చీలిపోకుండా గంధకం, భాస్వరం కలిపిన మందులు ఎక్కువ వేస్తారు. డబ్బా మూత తియ్యగానే కొట్టే ఆ ఘాటు గంధకానిదే. అదే మందు కొన్ని నూనెల్లో ఇత్తడి, కంచు భాగాలను మెల్లగా తినేస్తుంది. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేసులో క్రౌన్ లాంటి పళ్లు లేవు, అంత మందు అక్కర్లేదు. క్రౌన్లకి జీఎల్-5, గేర్ బాక్స్‌కీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ జీఎల్-4 అని బాబాయ్ తేల్చేశాడు. జీఎల్-4 కోసం కొట్లన్నీ తిరిగాం, చివరికి దొరికింది.

కొట్టు కుర్రాడు, “ఇంకో డబ్బా తీసుకోండి సార్, ఆ కొత్త బండికీ అదే” అన్నాడు. ఇక్కడే చాలా బండ్లు పాడైపోతాయి. స్నేహితుడి బండి ట్రాన్స్‌ఫర్ కేసులో ముందు చక్రాలను తిప్పేది గొలుసు. గొలుసు రకం డబ్బాల్లో ఎక్కువవాటికి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్లలో పోసే ఎర్రటి పల్చటి నూనె పొయ్యాలి. చాలావాటిలో చిన్న పంపు ఉండి నూనెని పై బేరింగుల దాకా తోస్తుంది, 90 పోస్తే దానికి ఆయాసమే. స్నేహితుడి బండి పుస్తకం తిరగేస్తే ఏటీఎఫ్ అనే ఉంది. లోపల క్లచ్ ప్లేట్లతో తనంతట తానే ముందు వెనకలకి బలం పంచే బండ్లు మూడో రకం. వాటికి కంపెనీ చెప్పిన నూనె తప్ప ఇంకోటి పొయ్యకూడదు, ప్లేట్లు పట్టేసి కుదుపులొస్తాయి. అంచేత కొట్టులో అడగాల్సింది ఫోర్ వీల్ బండికి ఏ నూనె మంచిదని కాదు. మన డబ్బాలో ఏముందో, బండి పుస్తకంలో ఏం రాసుందో చూసుకుని వెళ్లాలి.

రంధ్రం కింది అంచు నుంచి నూనె తొణికే దాకా పోసి పై నట్టు బిగించాడు. కూత పూర్తిగా పోలేదు, సగమైంది. బావకి అదే చాలు.

మర్నాడు తెల్లారకముందే ఎన్ఏడీ దాటి పెందుర్తి, సబ్బవరం, చోడవరం మీదుగా మాడుగుల చేరాం. మాడుగులలో ఆగకపోతే మా బావ ఊరుకోడు. గోధుమ పాలు, నెయ్యి, పంచదార కలిపి గంటల తరబడి కాచే ఆ హల్వా వేడిగా ఆకులో తింటుంటే స్నేహితుడు కూడా స్విచ్చు గొప్పలు ఆపాడు. తర్వాత ఘాట్. మోదకొండమ్మ పాదాల దగ్గర అందరూ ఆగి దణ్ణం పెట్టుకున్నట్టే మేమూ పెట్టుకున్నాం.

ఘాట్‌లో స్నేహితుడు ముచ్చటపడి ఫోర్ హై వేశాడు, అంటే మామూలు వేగంలోనే నాలుగు చక్రాలకీ బలం వెళ్లేలా. పొడి తారురోడ్డు మీద అది వద్దు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం తిరగవు. ఈ రకం బండ్లలో ఆ తేడాని సర్దే ఏర్పాటు మధ్యలో ఉండదు, ఆ పీకులాట అంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. స్టీరింగ్ బిగుసుకుంటుంటే అతనే తీసేశాడు.

పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రమయ్యాక బాగా సందడెక్కింది. చీకట్లోనే వంజంగి కొండ ఎక్కాం. మేఘాల గురించి రాయడానికి నా దగ్గర కొత్త మాటలేం లేవు, చూసినవాళ్లకి తెలుసు. నాకు నచ్చింది దిగడం. బండి ఆపి ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగేలా వేసి మొదటి గేరులో వదిలితే, బ్రేకు మీద కాలు పెట్టకుండానే జిప్సీ రాళ్ల మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగింది.

మధ్యాహ్నం జి.మాడుగుల వైపు, కొత్తపల్లి జలపాతం చూశాక, ఒక మట్టిదారిలో గెడ్డ అడ్డమొచ్చింది. నీళ్లు చక్రాల సగానికి వచ్చాయి. మేకల్ని తోలుకెళ్తున్న ఒకాయన, “ఎడమ పక్కన రాయుంది బాబూ, కుడికి రండి” అని దారి చూపించాడు. ఇటు నుంచి దాటి, అటు పొలాల్లో వలిసె పూల మధ్య ఫొటోలు దిగి, మళ్లీ దాటి వచ్చేశాం.

పాడేరులో ఆగి, అలవాటుగా బావ జిప్సీ కింద చూశాడు. ట్రాన్స్‌ఫర్ కేస్ గాలి పీల్చే గొట్టం ఊడి వేలాడుతోంది. పై నట్టు వదులు చేస్తే వేలికి అంటింది తేనె రంగు నూనె కాదు, పాలు ఎక్కువైన టీలా ఉంది. కొండెక్కి వేడెక్కిన డబ్బా చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి నీళ్లు లాక్కుంటుంది. స్నేహితుడి బండికి గొట్టం పైన ఉంది, నూనె ఎర్రగా శుభ్రంగానే ఉంది. ఆ సాయంత్రం అతని మొహం చూడాలి.

అక్కడి కొట్లో ఉన్నవి 140, 80డబ్ల్యూ-90 జీఎల్-5. “ఇప్పుడేంట్రా?” అన్నాడు బావ. నీళ్లు కలిసిన జీఎల్-4 కంటే చిక్కదనం సరిపోయే కొత్త జీఎల్-5 వెయ్యి రెట్లు నయం. నీళ్లున్న నూనె బేరింగుల్ని తుప్పు పట్టిస్తుంది. ఇత్తడిని తినే మందు అంత తొందరగా ఏం చెయ్యదు. కొంచెం పోసి కడిగి కార్చేసి, మళ్లీ నింపి, ఘాట్ దిగిపోయాం.

విశాఖ వచ్చాక ఆటోనగర్‌లో దాన్ని తీయించి జీఎల్-4 పోయించాం. బాబాయ్ గొట్టాన్ని ఇంజిన్ పక్కన పైదాకా లాగి క్లిప్పు బిగించాడు. మిగిలిన జీఎల్-5 సీసాని బావ పారెయ్యనివ్వలేదు, వెనక క్రౌన్‌లో నూనె తగ్గితే పనికొస్తుందని డిక్కీలో పెట్టాడు. వచ్చే వానాకాలం తర్వాత మారేడుమిల్లి అంటున్నాడు.