థీసిస్ కోసం గర్భనిరోధకాల డేటాతో కుస్తీ: నా అనుభవం

పబ్లిక్ హెల్త్ పీజీలో నా థీసిస్ టాపిక్ పేరు చాంతాడంత ఉంటుంది. తేలిగ్గా చెప్పాలంటే ప్రశ్న ఇది: అభివృద్ధి చెందుతున్న దేశాల్లో ఇప్పుడే పిల్లలు వద్దనుకునే ఆడవాళ్లలో కొందరు గర్భనిరోధక పద్ధతులు వాడుతున్నారు, కొందరు వాడట్లేదు, ఎందుకని? ముందుగా చదివిన పేపర్లన్నీ దాదాపు ఒకటే పాట పాడాయి. చదువు, ఆదాయం, వయసు, ఎంతమంది పిల్లలు, పట్నమా పల్లెటూరా. అన్నీ నిజమే. కానీ ఇవి ఎవరు వాడట్లేదో చెబుతాయి, ఎందుకు వాడట్లేదో చెప్పవు.

ఇలాంటి పనికి ఎక్కువమంది వాడేది డీహెచ్‌ఎస్ (డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వే) అనే ఇంటింటి ఆరోగ్య సర్వేల డేటా. 1984లో మొదలైన ఈ కార్యక్రమం కింద 90కి పైగా దేశాల్లో సర్వేలు జరిగాయి. 15 నుంచి 49 ఏళ్ల మహిళలను ఇంటికి వెళ్లి అడిగిన జవాబులవి. సైట్‌లో రిజిస్టర్ అయి, ఏం చేయబోతున్నామో ఒక పేరా రాసి పంపాను, ఫైళ్లు ఉచితంగానే ఇచ్చారు. అక్కడిదాకా హాయి. ఫైల్ తెరిచాక మొదలైంది టెన్షన్. వేలకొద్దీ కాలమ్‌లు, దేనికీ పేరు లేదు, అన్నీ కోడ్‌లే. కోడ్‌ల మాన్యువల్ పక్కన పెట్టుకోకుండా ఎవరూ ఈ పనికి దిగొద్దు.

తర్వాతి చిక్కు, అసలు ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి? ప్రస్తుతం గర్భిణిగా ఉన్నవాళ్లు, వెంటనే బిడ్డ కావాలనుకునేవాళ్లు ‘వాడట్లేదు’ అనే గడిలో పడితే లెక్కంతా పాడవుతుంది. వాళ్లను తీసేసి, ఏ కారణం వాడకాన్ని ఎంత మారుస్తుందో లెక్కగట్టే గణాంక మోడల్ నడిపాను.

చదువు పెరిగితే వాడకం పెరుగుతుందన్న సూత్రం చాలా దేశాల్లో నిలబడింది. మన దేశం దగ్గరికొచ్చేసరికి తడబడింది. మన దేశపు డీహెచ్‌ఎస్ అయిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019–21 నాటికి పెళ్లయిన మహిళల్లో 66.7 శాతం ఏదో ఒక పద్ధతి వాడుతున్నారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే 37.9 శాతం. బడికి వెళ్లనివాళ్లలో ఆపరేషన్ల వాటా ఇంకా ఎక్కువ. ఇద్దరో ముగ్గురో పుట్టాక ఒకేసారి ఆపరేషన్, మధ్యలో మాత్రలూ లేవు, కాపర్-టీ లేదు. దీన్ని, బిడ్డకూ బిడ్డకూ ఎడం కోసం గర్భం రాకుండా ఇంజెక్షన్ వేయించుకునే ఆఫ్రికా దేశాల మహిళల వాడకాన్ని ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. ఆపరేషన్ వేరు, మిగతా పద్ధతులు వేరుగా లెక్కను రెండు భాగాలుగా విడగొట్టాను. మా గైడ్ మేడమ్ మొదట ఒప్పుకోలేదు, టేబుల్స్ చూపించాక సరేనన్నారు.

పునరుత్పత్తి ఆరోగ్యంపై పరిశోధన చేసే అమెరికా సంస్థ గట్‌మాకర్ ఇన్‌స్టిట్యూట్ 2016లో 52 దేశాల సర్వేలను కలిపి చూసింది. బిడ్డ వద్దనుకుంటూ ఏ పద్ధతీ వాడని పెళ్లయిన మహిళల్లో 26 శాతం మంది చెప్పిన కారణం సైడ్ ఎఫెక్ట్స్, ఆరోగ్య భయాలు. 23 శాతం మంది తమకో, భర్తకో, ఇంట్లోవాళ్లకో ఇష్టం లేదన్నారు. వీటిని ‘అపోహలు’ అని ఒక్క మాటతో కొట్టిపారేసే పేపర్లంటే నాకు చిరాకు.

ఆ చిరాకుతోనే డీహెచ్‌ఎస్ ఫైల్‌లో, ఒక్కో మహిళ నెలనెలా ఏ పద్ధతి వాడిందో చెప్పే క్యాలెండర్ కాలమ్ తెరిచాను. గత ఐదారేళ్లలో ప్రతి నెలకీ ఒక అక్షరమో అంకెనో ఉంటుంది, కుడి నుంచి ఎడమకు చదవాలి. ఒకావిడ వరస ఇలా ఉంది: కుడి చివర ఎనిమిది ‘పి’లు, ఆ పక్కన ఒక ‘బి’. అంటే గర్భం, కాన్పు. తర్వాత నాలుగు సున్నాలు, అంటే ఏ పద్ధతీ వాడని నెలలు. తర్వాత ఆరు 3లు. 3 అంటే ఇంజెక్షన్, మూడు నెలలకొకటి చొప్పున రెండు డోసులు. ఆ తర్వాత ఇంటర్వ్యూ నెల దాకా సున్నాలే. ఎందుకు ఆపేసిందో చెప్పే పక్క కాలమ్‌లో 4 ఉంది. సైడ్ ఎఫెక్ట్స్.

నా మోడల్‌లో ఈవిడ ‘వాడనివాళ్ల’ గడిలో ఉంది. కానీ ఆమెకు పద్ధతి తెలుసు, ఇచ్చేచోటు తెలుసు, రెండుసార్లు వేయించుకుంది కూడా. ఈ ఇంజెక్షన్ ఏడాది వాడాక సుమారు సగం మందికి పీరియడ్స్ ఆగిపోతాయి, మొదట్లో వేళాపాళా లేకుండా బ్లీడింగ్ కనిపిస్తుంది. ముందే చెబితే ఓర్చుకునేవాళ్లుంటారు, చెప్పకపోతే లోపల ఏదో పాడైందని భయపడతారు. ఆపేసినవాళ్ల మీద ఒక చాప్టర్ అదనంగా రాశాను. థీసిస్‌లో నాకు నచ్చిన భాగం అదొక్కటే.

వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ సరిగ్గా ఆ పేజీయే తెరిచారు. “ఈవిడకు సైడ్ ఎఫెక్ట్స్ గురించి ముందే చెప్పారా లేదా?”

తెలుసుకునే దారి లేదన్నాను. వేరే పద్ధతుల గురించి చెప్పారా, సైడ్ ఎఫెక్ట్స్ చెప్పారా, వస్తే ఏం చేయాలో చెప్పారా అని సర్వేలో మూడు ప్రశ్నలున్నాయి. అవి ఇప్పుడు వాడుతున్నవాళ్లనే అడుగుతారు, ఆపేసినవాళ్లను అడగరు.

“మరి ఇంత ముఖ్యమైన మాటను లిమిటేషన్స్‌లో ఒక్క లైనుగా ఎందుకు దాచావమ్మా? ముందుకు తీసుకురా” అన్నారాయన. ఆ లైన్‌ను పేరాగా పెంచి, చాప్టర్ మొదట్లో పెట్టి, బైండింగ్‌కి ఇచ్చేశాను.