కొత్త షేపు వచ్చేదాకా దీన్ని ఎవరు చూసుకునేది

నిద్ర రాలేదు. చిన్నోడు గుర్రు పెడతా ఉండాడు, ఇంట్లో ఆమె ఒకసారి లేసొచ్చి "ఇంకా ఏం రాస్తా ఉండావ్, పొద్దున్నే డ్యూటీ లేదా" అని మళ్ళీ పొయ్యి పడుకునింది. డ్యూటీ ఉంది. కానీ రాయకపోతే తెల్లార్లూ ఇదే మాట తలకాయలో తిరగతా ఉంటాది, కాబట్టి రాసేస్తా.

పొద్దున షెడ్డు తలుపు తీస్తే నేను తోలే సార్ బండి, బీఎండబ్ల్యూ ఎక్స్7, వెనక ఎడం పక్క కిందికి కూర్చోని ఉంది. మళ్ళీ. దీనికి గాలి సస్పెన్షన్ కదా, స్ప్రింగుల బదులు గాలి నింపిన సంచులే బండిని మోస్తాయి, యాడనో సన్నగా లీక్ ఉంది, రాత్రంతా రొంత రొంత గాలి పోతాది. స్టార్ట్ చేస్తే కంప్రెసర్ గుర్ర్‌మని కాసేపు అరిచి మెల్లిగా లేపతాది. అట్ల రోజూ అరిస్తే కంప్రెసరూ పోతాది, అప్పుడు ఇప్పటి ఖర్చుకి ఇంకో ఖర్చు తోడు. ఈ మాటే సార్‌కి చెప్పినా. ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే "కొత్త షేపు వస్తా ఉంది కదప్పా, దీని మీద ఇంకెందుకు డబ్బులు పెట్టేది" అనేసినాడు. అంతే. నేను సరే సార్ అని గమ్మున వచ్చేసినా, కానీ ఆ మాట మాత్రం దిగలేదు.

ఈ కొత్త షేపు గోల సార్ వాళ్ళ బెంగళూరు అల్లుడుగారి దగ్గర మొదలైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద బండ్ల మీద జీఎస్టీ, సెస్సు అంతా కలిపి 50 శాతం దాకా ఉండేది 40కి దిగింది చూడండి, అప్పుడు సార్ బండి మార్చేయాలని గట్టిగానే అనుకున్నాడు. మద్రాసు షోరూముకి ఫోన్ కూడా చేయించినాడు. అల్లుడుగారు వచ్చి "ఇప్పుడు కొంటే పాత షేపు కొన్నట్టే మామా, రొంత ఆగండి" అని కొత్త షేపు ఎవరికీ తెలీకుండా నలుపు తెలుపు వంకర గీతల స్టిక్కర్లు అంటించి తిప్పే బండి ఫొటోలు చూపించినాడు. ఆ స్టిక్కర్ల కింద ముందర గ్రిల్లు ఎంత ఉందో, లైటు యాడుందో అని ఇద్దరూ ఫొటోని పెద్దది చేసి చేసి చూస్తా కూర్చున్నారు. అప్పటినుంచి కొనేదీ లేదు, ఉన్నదాన్ని బాగుచేయించేదీ లేదు.

అల్లుడుగారు చెప్పిందాంట్లో అబద్ధం లేదు, అది ఒప్పుకోవాల. ఎక్స్7 అనే బండి అసలు 2018 అక్టోబర్‌లోనే మొదటిసారి చూపించినారు, మన దేశానికి 2019 జూలైలో వచ్చింది, 2022లో ముఖం మార్చి లైట్లు పైనొకటి కిందొకటిగా చీల్చినారు. అయినా లోపలి ఎముకలు అవే. మొత్తంగా మారడం ఇదే మొదటిసారి. మాది ముఖం మార్చకముందుది, ఏపీ 39 నంబరు బండి. దీంట్లో గేరు లివర్ ఉంది, ఏసీకి బటన్లు ఉండాయి, స్క్రీన్‌ని తాకకుండా తిప్పి నొక్కి నడిపేదానికి చేతికింద గుండ్రటి నాబ్ ఉంది. 2022 దాంట్లో లివర్ పొయ్యి చిన్న స్విచ్ వచ్చింది, ఏసీ బటన్లు స్క్రీన్లోకి పొయ్యినాయి. ఇప్పుడు కంపెనీ వాళ్ళు 2025 సెప్టెంబర్‌లో జర్మనీలో ఐఎక్స్3 అనే కొత్త కరెంటు బండి చూపించినారు కదా, దాంట్లో ఆ నాబ్ కూడా లేదు. ఆ పద్ధతే అన్ని మోడళ్ళకీ వరసగా వస్తాదంట. అంటే ఎక్స్7కీ వస్తాది.

2001లో వాళ్ళ సెవెన్ సిరీస్ బండిలో ఆ నాబ్ మొదట పెట్టినప్పుడు ఎవరికీ అర్థం కాక తిట్టినారంట. నాకైతే అది లేకుండా చెయ్యి ఊరికే ఉండదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు సార్ ఇంట్లో పెద్దమ్మ వెనక సీట్లోంచి "ఏమప్పా, ఈ పాట వద్దు, ముందరిది పెట్టు" అంటాది. మలుపులో ఉంటా, ఎదురుగా బస్సు ఉంటాది, కళ్ళు పక్కకి తిప్పే పనే లేదు. నాబ్ చుట్టూ అంచుకి సన్నటి గాట్లు ఉంటాయి, రెండు గాట్లు ఎడమకి తిప్పి ఒక నొక్కు నొక్కితే పాట మారతాది. చలేస్తా ఉందంటే బొటనవేలికి ఏసీ బటన్ తగలతాది. స్క్రీన్ అయితే వేలు ఎక్కడ పెట్టినా నున్నగానే ఉంటాది, చూడకుండా ఎట్ల నొక్కేది? యూరప్‌లో కార్లకి స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళే 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారను, హజార్డ్ లైట్లకి చేతికి తగిలే బటన్లు ఉంటేనే పూర్తి మార్కులని పెట్టినారు. వాళ్ళకి తెలిసింది ఈ బీఎండబ్ల్యూ వాళ్ళకి తెలీదా అని నా బాధ.

ఇది టైప్ చేస్తా ఉండగానే ఆ ఐఎక్స్3 వీడియో మళ్ళీ పెట్టి చూసినా. ముందర అద్దం కింది అంచున ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పట్టీ మాదిరి నల్లగా ఉంటాది, స్పీడు, దారి, పాట పేరు అన్నీ దాంట్లోనే కనిపిస్తాయి. అంటే కళ్ళు కిందికి దించే పని తగ్గతాది. ఇప్పుడు నేను స్పీడు చూడాలంటే స్టీరింగు సందులోంచి చూస్తా, మన ఘాట్‌లో పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలకంటే ముందు పోకూడదని టైము రాసిస్తారు కాబట్టి మాటిమాటికీ చూడాల్సిందే. ఆ పట్టీ ఉంటే చూపు రోడ్డు మీదే నిలుస్తాది. అట్ల చూస్తే ఇది బాగానే ఉందనిపిస్తా ఉంది. నాబ్ పోవడం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు, కానీ ఆ పట్టీ మా దాంట్లో ఉంటే బాగుండు.

కరెంటు ఎక్స్7 కూడా వస్తాదని అంటా ఉండారు. మా తోడల్లుడు ఘాట్‌లో కరెంటు బస్సు నడపతాడు, 2022 నుంచి ఆ బస్సులు తిరగతా ఉండాయి కదా, దిగేటప్పుడు కాలు తీస్తే బండి దానంతట అదే పట్టుకుంటాది, బ్యాటరీకి ఛార్జ్ కూడా ఎక్కతాది అంటాడు. డీజిల్ బండిలో దిగుడు అంతా గేరు తగ్గించుకుంటా, బ్రేకు వేడెక్కకుండా చూసుకుంటా దిగాల. సార్ కరెంటుది తీసుకుంటాడా అంటే తీసుకోడు, రాయదుర్గం బళ్ళారి దాకా తిరిగే మనిషి. అయినా మనసులో ఒకసారి దాన్ని మోకాళ్ళమిట్ట దగ్గర సద్దు లేకుండా దించినట్టు ఊహించుకున్నా, బాగుంది.

బ్రేకు అంటే నాయన అంబాసిడరు గుర్తొచ్చింది. ఇది ఇంతకుముందు రాసినానో లేదో. బస్టాండు దగ్గర స్టాండులో పెట్టి కొండకి, కాణిపాకానికి, కాళహస్తికి తిప్పతా ఉండె. వయసైపోయిందని పుత్తూరాయనకి అమ్మేసినాడు, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు, తెల్లారితే వాళ్ళొచ్చి తీసకపోవాల. ఆ రాత్రి అన్నం తిని లుంగీ పైకి కట్టుకుని జాకీ ఎక్కించినాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు సుత్తితో తట్టి తట్టి ఊడదీసినాడు, లోపల నల్లటి దుమ్ము. బ్రేకు లైనింగులు కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోని ఉండాడని అప్పుడే తెలిసింది మాకు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టినాడు. కాలు అందదు, సీటు అంచుకి జారి స్టీరింగు పట్టుకోని వేలాడతా పెడల్ తొక్కాల. కింద నుంచి "నొక్కు" అంటాడు, నొక్కతా, ఇంకోసారి "నొక్కు", ఇంకోసారి, తర్వాత "పట్టుకో" అంటాడు. అప్పుడు బ్రేకు ఆయిల్లో గాలి బయటికి వదిలే నిపుల్ వదులుచేస్తే పెడలు నా కాలికింద ఒక్కసారిగా లోపలికి దిగతాది. ట్యూబులోంచి సీసాలోకి ఆయిలు, దాంట్లో గాలి బుడగలు. బిగించి "ఇడువు" అంటాడు. మళ్ళీ మొదటినుంచి. నాలుగు చక్రాలకీ అదే పని. నాకు నిద్ర, దోమలు. మాయమ్మ గడప దగ్గర నిలబడి "తెల్లారితే ఇచ్చేసే బండికి ఈ ఖర్చేందయ్యా, ఆ లైనింగుల డబ్బుతో పిల్లోడికి చెప్పులొచ్చుండు" అని అడిగింది. ఆయన బండి కింద నుంచే "నొక్కు" అన్నాడు. అమ్మకి వేరే జవాబేం చెప్పలేదు. బుడగ రావడం ఆగిపొయ్యేదాకా నన్ను దిగనీలేదు. పొద్దున పుత్తూరాయన వచ్చి డబ్బులు లెక్కబెట్టి బండి తీసకపోతే, బ్రేకులు కొత్తవి వేసినానని నాయన ఆయనకి చెప్పను కూడా చెప్పలేదు.

సార్‌కి ఇదంతా ఎట్ల చెప్పేది. ఆయన పిసినారి కాదు, చిన్నోడి కాలేజీ ఫీజు కట్టింది ఆయనే, అది రాయకపోతే అన్యాయం. కానీ కొత్తది వస్తాదని వినిన నాటినుంచి ఈ బండిని చూసే చూపే మారిపొయ్యింది. ముందర అద్దానికి రాయి తగిలి చిన్న చుక్క పడింది, అప్పుడే పూడ్పిస్తే పొయ్యుండు, వద్దన్నాడు, ఇప్పుడు అది సన్నటి గీత మాదిరి కిందికి పాకతా ఉంది. సర్వీసుకి ఫోనొస్తే "ఆయిలు మాత్రం మార్పించు" అంటాడు. పోయిన దీపావళికి సీట్లు శుభ్రం చేయించినాం, ఈసారి ఆ మాటే లేదు. కొత్తది ఎప్పుడొస్తాదో తేదీ లేదు. వచ్చినా ముందు అమెరికాలో స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదలుపెట్టాల, తర్వాత మద్రాసు అవతల చెంగల్పట్టు దగ్గర వాళ్ళ ఫ్యాక్టరీలో మనకి బిగించాల, దానికి బుకింగు, వెయిటింగు. అంతదాకా పెద్దమ్మని ఎక్కించుకోని తిరిగేది ఇదే కదా. గేరు పక్కన ఎత్తు మార్చే స్విచ్ ఉంది, ఆమె గడప దాటేలోపల అది కిందికి నొక్కి పెడతా, బండి 4 సెంటీమీటర్లు దిగతాది, ఆమెకి ఆ 4 సెంటీమీటర్లే కావాల, లేకుంటే నా భుజం పట్టుకోని ఎక్కాల. నిన్న నొక్కితే ఒక పక్క ముందు దిగింది, ఇంకో పక్క తర్వాత. ఆమె "ఏమప్పా, వంకరగా ఉందే" అనింది. నేను రోడ్డు వంకరమ్మా అన్నా. అట్ల చెప్పాల్సొచ్చినందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

రాయడం మొదలుపెట్టినప్పుడు కొత్త మోడల్ మీదే కోపం అనుకున్నా, నాబ్ తీసేస్తారని, స్క్రీన్లు పెడతారని. అది రానీ, నేనే మద్రాసు నుంచి ఊతుకోట, పుత్తూరు మీదుగా తోలుకోని వస్తా, దీన్ని తెచ్చిన రోజు పుత్తూరు దాటినాక ఆ నున్నటి పరుగు నాకింకా గుర్తుంది, అట్లాంటిది ఇంకోసారి వస్తే ఎవరికి చేదు. దానికోసం ఎదురుచూసేటోళ్ళలో నేనూ ఉండా.

టైర్ల సంగతి ఒకటి మిగిలింది. వెనక రెండూ అరిగిపొయ్యినాయి. గాట్ల మధ్యలో చిన్న దిమ్మెలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తువి, టైరు అరిగి వాటి మట్టానికి వస్తే మార్చాలని గుర్తు. సాయంత్రం వేలితో తడిమి చూసినా, లోపలి అంచు పక్క దిమ్మె, టైరు ఒకే మట్టానికి వచ్చినాయి. బండి ఒక పక్కకి కూర్చుంటా ఉంటే ఆ పక్క ఇంకా తొందరగా అరగతాది. శనివారం పెద్దమ్మని కొండకి తీసకపోవాల, వాన పడేటట్టే ఉంది. రెండు టైర్లకి రేటు అడిగి కాయితం మీద రాసి పెట్టుకున్నా. పొద్దున్నే సార్ కాఫీ తాగేటప్పుడు ఆ కాయితం ముందర పెడతా. శుక్రవారం లోపల టైర్లు పడకపోతే కొండకి ఇన్నోవా తీస్తానని, ఈ బండి తీయనని చెప్పేస్తా. కోప్పడితే పడనీ.