ముందు గడియారం ఆపండి, తర్వాతే విడదీయండి

"అక్కా, మొత్తం ట్రైజాల్‌లో వేసేసి, వచ్చిన ఆర్‌ఎన్‌ఏ అంతా సీక్వెన్సింగ్‌కి పంపేస్తే సరిపోదా? ఏది ఎలుకది, ఏది సాల్మొనెల్లాది అని కంప్యూటరే చెప్తుంది కదా!"

మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. ట్రైజాల్ అంటే కణాలను కరిగించి ఆర్‌ఎన్‌ఏని బయటికి తీసే ద్రావణం. మాది తార్నాక పక్కన చిన్న ల్యాబ్. వానలు పడితే చాలు, ఈ చుట్టుపక్కల క్లినిక్కుల్లో టైఫాయిడ్ కోసం వైడాల్ టెస్టుకి రాయని రోజు ఉండదు. మేం పనిచేసేది టైఫాయిడ్ క్రిమికి దగ్గరి చుట్టం మీద, సాల్మొనెల్లా టైఫిమ్యూరియం అంటారు. తనను మింగేయాల్సిన మాక్రోఫేజ్ అనే రక్షక కణంలోనే కాపురం పెట్టడం దాని ప్రత్యేకత. ఎలుక మాక్రోఫేజ్‌ల లోపల ఉన్నప్పుడు దాని ఏ జీన్లు ఆన్ అవుతాయి, ఏవి ఆఫ్ అవుతాయి అన్నది దాని ఆర్‌ఎన్‌ఏని చదివి తెలుసుకోవడమే మా పని.

ఆ అమ్మాయి ప్రశ్నలో తప్పేం లేదు. కానీ లెక్క వేసి చూడాలి. ఒక మాక్రోఫేజ్‌లో ఆర్‌ఎన్‌ఏ సుమారు 20 పికోగ్రాములు. ఒక బాక్టీరియాలో 0.1 పికోగ్రాము ఉంటే గొప్ప. కణంలో పది దూరాయనుకున్నా ఒక్క పికోగ్రామే. పైగా ప్లేటులో ఉన్న కణాలన్నిటికీ ఇన్‌ఫెక్షన్ అంటుకోదు. అన్నీ పోను మొత్తంలో 1 శాతం బాక్టీరియాది అనుకుందాం. అందులోనూ 95 శాతం దాకా రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏనే, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రంలోని భాగం. మనకు కావలసిన ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే ఆన్ అయిన జీన్ల సందేశం, చివరికి 0.05 శాతానికి దిగుతుంది. 2 కోట్ల రీడ్లు (సీక్వెన్సింగ్ యంత్రం చదివే ముక్కలు) కొంటే మన వాటా 10,000. సాల్మొనెల్లా జీన్లేమో 4,500 దాకా. తలా రెండు రీడ్లు! లారీడు బియ్యంలో గుప్పెడు ఆవాలు ఏరడం నయం.

రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏని ఎలుకదీ, బాక్టీరియాదీ రెండు వైపులా తీసేసే కిట్లు ఉన్నాయి. వాటితో పరిస్థితి బాగానే మెరుగవుతుంది. కానీ సీక్వెన్సింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే చాలాసార్లు ముందు చెప్పేది పాలీ-ఏ లైబ్రరీ గురించి, అది చవక కాబట్టి. మనిషి, ఎలుక ఎంఆర్‌ఎన్‌ఏలకు చివర్న అడెనిన్ల తోక ఉంటుంది, దాన్ని పట్టుకుని లాగుతారు. బాక్టీరియా ఎంఆర్‌ఎన్‌ఏకి అలాంటి తోక మామూలుగా ఉండదు. కొన్నిటికి పొట్టి తోక తగులుకున్నా, అది చెత్తబుట్టకు పంపడానికి వేసిన గుర్తు. అంటే ఆ పద్ధతిలో మనకు కావలసిందే పారబోస్తాం, బిల్లు కూడా కడతాం.

అయితే ముందే విడదీద్దాం అంటారా? అసలు చిక్కు అక్కడే. బాక్టీరియా ఎంఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటి సగం ఆయుష్షు కొద్ది నిమిషాలే. ట్రైటాన్ లాంటి మెత్తటి డిటర్జెంటు పోసి కణాన్ని పగలగొట్టి, తీరిగ్గా సెంట్రిఫ్యూజ్ చేసి, బఫర్‌తో కడిగి కూర్చున్నామంటే, ఈలోపు ఆ బాక్టీరియా బయటపడ్డానని గ్రహించేస్తుంది. కణం లోపల ఆమ్లం ఎక్కువ, మెగ్నీషియం తక్కువ. అందుకే అక్కడ బతకడానికి కావలసిన ఎస్‌పీఐ-2 జీన్లు ఆన్ అవుతాయి. బఫర్‌లో ఆ పరిస్థితే లేదు. ఎంత శుభ్రంగా వేరుచేస్తే అంత అబద్ధపు డేటా చేతికొస్తుంది. ఈ సంగతి పట్టించుకోకుండా శాంపిల్ ప్యూరిటీ గురించి మురిసిపోయే పోస్టర్లు కాన్ఫరెన్సుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

అందుకే నాకు 2003లో ఇంగ్లండ్‌లోని నార్విచ్ బృందం వాడిన పద్ధతంటే ఇష్టం. చల్లటి నీళ్లలో 0.1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు, 1 శాతం ఆమ్ల ఫీనాల్, 19 శాతం ఇథనాల్. మీడియా తీసేసి వెంటనే ఇది పోసి, ప్లేటును ఐసు మీద అరగంట ఉంచుతాం. ఒకే దెబ్బకు రెండు పనులు: మాక్రోఫేజ్ పగిలిపోతుంది, సాల్మొనెల్లా పగలకుండా ఎక్కడున్నది అక్కడ ఆగిపోతుంది. కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీ లేదు, పాతది అరగడం లేదు. తర్వాత సెంట్రిఫ్యూజ్ చేస్తే బాక్టీరియా అడుగున చేరుతుంది, హోస్ట్ (ఆశ్రయమిచ్చిన ఎలుక కణం) ఆర్‌ఎన్‌ఏలో చాలా భాగం పైద్రవంతో పోతుంది. మే నెల ఎండల్లో ఐసు బకెట్ నిండుగా ఉందో లేదో చూసుకోకుండా మాత్రం మొదలుపెట్టొద్దు.

చేసేటప్పుడు ఒకటి గమనించండి. కణాల కేంద్రకాలు పగిలితే డీఎన్ఏ బయటికొచ్చి ద్రవం జిగురుగా మారుతుంది, పైపెట్ పైకెత్తితే తీగ సాగుతుంది. అలాగే సెంట్రిఫ్యూజ్‌లో పెడితే పెల్లెట్ (అడుగున చేరే బాక్టీరియా ముద్ద) సరిగ్గా కూర్చోదు. తీగ తెగేదాకా పైపెట్‌తో నాలుగుసార్లు పైకీ కిందికీ లాగాలి. పెల్లెట్ ట్యూబు గోడకు చిన్న మరకలా ఉంటుంది. ఏ వైపు ఉంటుందో ముందే మార్కర్‌తో గీత పెట్టుకోవడం మంచిది.

క్షయ మీద పనిచేసేవాళ్లకు ఇంకా తేలిక. ఆ బాక్టీరియాకున్న మైనపు గోడ కణాలను కరిగించే గ్వానిడీన్ థయోసయనేట్‌కి కూడా లొంగదు. హోస్ట్ కణం కరిగిపోతుంది, బాక్టీరియా అలాగే మిగులుతుంది. దాన్ని పగలగొట్టడానికే సన్నటి పూసలతో గిలక్కొట్టాల్సి వస్తుంది. అదే ద్రావణం సాల్మొనెల్లా మీద పోస్తే రెండూ కలిసి కరిగిపోతాయి, ఇక విడదీయడానికి ఏమీ ఉండదు.

ఇక రిన్ స్కోరు గొడవ, అంటే ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే మార్కు. ఒక సీక్వెన్సింగ్ కంపెనీ మా శాంపిళ్లను 'ఆర్‌ఎన్‌ఏ పాడైంది' అని తిప్పి పంపింది. 16ఎస్, 23ఎస్ అనేవి బాక్టీరియా రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏలు. గ్రాఫ్‌లో 16ఎస్ శిఖరం బాగానే ఉంది, 23ఎస్ ఉండాల్సిన చోట మాత్రం పొట్టిగా ఏదో ఉంది. సాల్మొనెల్లాలో అది మామూలే. దాని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ మధ్యలో అదనపు ముక్కలుంటాయి. ఆర్‌ఎన్‌ఏజ్-3 వాటిని కత్తిరించేస్తుంది కానీ తెగిన కొసలను మళ్లీ అతికించదు. రైబోసోమ్ అలాగే పనిచేసుకుపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఈ సంగతి తెలియదు, ఆర్‌ఎన్‌ఏ విరిగిపోయింది అనుకుంటుంది. వాళ్లతో వాదించడానికే ఒక సాయంత్రం పోయింది, టెన్షన్ అదనం.

మరి ఆ అమ్మాయి చెప్పిన దారి పనికిరాదా? వస్తుంది, డబ్బుంటే. దాన్నే డ్యూయల్ ఆర్‌ఎన్‌ఏ-సీక్ అంటారు. 2016లో జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ బృందం ఆ పద్ధతితోనే సాల్మొనెల్లాలోని పింటీ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ హోస్ట్ కణాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో పట్టుకుంది. రెండు వైపులా ఏం జరుగుతోందో ఒకే శాంపిల్‌లో కనబడటం మామూలు విషయం కాదు. మా బడ్జెట్‌లో మాత్రం ఫీనాల్, ఇథనాల్ పద్ధతే నడుస్తుంది. హోస్ట్ సంగతి కూడా కావాలనుకుంటే అదే ప్లేటులో పక్క వెల్‌లోని (గుంటలోని) కణాలను అదే నిమిషంలో ట్రైజాల్‌లో వేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టేయండి. ఆ అమ్మాయి ఇప్పుడు రెండూ చేస్తోంది.